మూడున్నర గ్రాముల రేకు: మెప్స్ అగ్లియా స్పిన్నర్‌తో రెండేళ్లు

మాది కోనసీమ. కాలువ గట్టున నాన్న పక్కన కూర్చుని, వెదురు గడకి నైలాన్ దారం కట్టి, వానపామును గుచ్చి, బెండు ఎప్పుడు మునుగుతుందా అని చూడటమే నాకు తెలిసిన చేపల వేట. పెళ్లయ్యాక అమెరికాలో పెన్సిల్వేనియాలోని స్టేట్ కాలేజ్ అనే ఊరికి వచ్చాను. ఇంటికి దగ్గర్లోనే స్ప్రింగ్ క్రీక్ అనే వాగు ఉంది. సున్నపురాతి ఊటల నీళ్లు కావడంతో జూలైలో దిగినా కాళ్లు జివ్వుమంటాయి. చాలాచోట్ల మోకాలి లోతే. అడుగున గులకరాళ్లూ, వాటి మీద కదిలే బ్రౌన్ ట్రౌట్ చేపల నీడలూ స్పష్టంగా కనిపిస్తాయి. ఆ వడిలో మా ఊరి బెండు క్షణం నిలవలేదు. అలా స్పిన్నర్, అంటే తిరిగే రేకున్న గాలం, వాడటం నేర్చుకున్నాను. రెండేళ్లుగా నా దారానికి ఎక్కువగా ఉన్నది మెప్స్ కంపెనీ వాళ్ల అగ్లియా, 1వ నంబరు, బంగారు రంగుది.

వాడని వాళ్ల కోసం చెబుతాను. సన్నటి ఉక్కు తీగ, దాని మీద ఇత్తడి బరువు, పైన కోడిగుడ్డు ఆకారంలో ఒక రేకు, చివర మూడు కొక్కేల గాలం. ఎర ఏమీ గుచ్చనక్కర్లేదు. నీళ్లలో లాగుతుంటే రేకు తీగ చుట్టూ గిరగిరా తిరుగుతుంది. ఆ మెరుపు కంటికి కనిపిస్తుంది. రేకు పుట్టించే అదురును చేప తన ఒంటి పక్కనున్న గీతతో పసిగడుతుంది. పారిపోతున్న చిన్న చేప అనుకుని వచ్చి పట్టేస్తుంది. 1938లో ఫ్రాన్స్‌లో తయారైన ఈ రకం ఇప్పటికీ పెద్దగా మారలేదు.

అన్నిటికంటే ముఖ్యం ఆ రేకు తిరగడం. మొదట్లో నేను ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేని పది స్పిన్నర్ల ప్యాకెట్ కొన్నాను. వాటిలో ఆరు అసలు తిరగలేదు, చెంచాలాగా ఈడ్చుకుంటూ వచ్చాయి. నాకు చేతకావడం లేదనుకుని ఏప్రిల్ నెలంతా బాధపడ్డాను. ఒకరోజు వాగు దగ్గర ఒక పెద్దాయన నా స్పిన్నర్‌ని తీసి నోటితో ఊదారు. రేకు కదల్లేదు. తన పెట్టెలోంచి అగ్లియా తీసి ఊదితే గాలిపంకాలా తిరిగింది. దాన్ని నాకే ఇచ్చేశారు. మొదటిసారి విసిరి రీలు తిప్పగానే రాడ్ కొసలో సన్నటి వణుకు చేతికి తెలిసింది. ఆ వణుకు ఆగిందంటే రేకు ఆగిందని, ఏ ఆకో గడ్డో తగులుకుందని అర్థం. ఇప్పుడు ఏ స్పిన్నర్ కొన్నా ముందు ఊది చూస్తాను.

ట్రౌట్ ఎప్పుడూ నీరు వచ్చే వైపు తలపెట్టి నిలబడుతుంది. కాబట్టి దాని వెనక, అంటే దిగువన నిలబడి, ఎగువకి విసరాలి. స్పిన్నర్ నీటితో పాటు మన వైపే కొట్టుకొస్తుంది కాబట్టి ప్రవాహం కంటే కాస్త వేగంగా రీలు తిప్పాలి. రేకు వెంటనే తిరగడం అందుకోకపోతే స్పిన్నర్ రాళ్లలో పడి ఇరుక్కుంటుంది. అగ్లియా రేకు వెడల్పుగా ఉండటం వల్ల నెమ్మదిగా లాగినా తిరుగుతుంది, పైపైన తేలుతూ వస్తుంది. పల్చటి నీళ్లకి నాకు ఇంతకంటే నచ్చింది లేదు. లోతైన మడుగులకైతే పాంథర్ మార్టిన్ అనే ఇంకో రకం స్పిన్నర్ మంచిది. దాని తీగ రేకులోంచే వెళ్తుంది, త్వరగా కిందికి దిగుతుంది. నా పెట్టెలో రెండూ ఉంటాయి. ఆగస్టులో నీళ్లు బాగా తగ్గినప్పుడు అగ్లియాలోనే రెండున్నర గ్రాముల 0 నంబరుకి మారతాను. 1వ నంబరు మూడున్నర గ్రాములు. అంత తేలికైనవాటిని విసరాలంటే ఐదున్నర అడుగుల అల్ట్రాలైట్ (బాగా తేలికైన) రాడ్, 1000 సైజు చిన్న రీలు, నాలుగు పౌండ్ల బరువు ఆపే దారం సరిపోతాయి. స్పిన్నర్ ఏదైనా దారం మెలి పడుతుంది, అందుకే స్పిన్నర్‌కి రెండడుగుల పైన చిన్న స్వివెల్, అంటే మెలి పడకుండా తిరిగే లోహపు కీలు, కడతాను.

నన్ను ఇబ్బంది పెట్టింది ఆ మూడు కొక్కేల గాలమే. స్ప్రింగ్ క్రీక్‌లో పట్టిన ప్రతి ట్రౌట్‌నీ వదిలేయాలి. ఒకప్పుడు పరిశ్రమల రసాయనాలు ఈ నీళ్లలో కలిసి చేపల ఒంట్లోకి చేరాయి. అప్పుడు తినకూడదని పెట్టిన నియమం ఇప్పటికీ ఉంది. దాని వల్లనే ఇన్ని సహజమైన ట్రౌట్లు మిగిలాయని నేను నమ్ముతాను. ఒక సాయంత్రం పది అంగుళాల చేప పడింది. ఒక కొక్కెం పెదవికి, ఇంకోటి కంటికి వెంట్రుకవాసి దూరంలో. తీయడానికి చాలాసేపు పట్టింది. నీళ్లలోనే ఎగువకి తల తిప్పి పట్టుకుని నిలబడ్డాను. మొప్పలు సరిగ్గా ఆడి, తోక కొట్టి వెళ్లేదాకా నాకు ఒకటే టెన్షన్. ఆ రాత్రే అన్నిటికీ రెండు కొక్కేలు కత్తిరించి, మిగిలిన దాని వెనకముల్లును పకారుతో నొక్కేశాను. ఒకే కొక్కెంతో వచ్చే అగ్లియా కూడా దొరుకుతుంది, కొంటే అదే కొనండి. కొన్ని చేపలు జారిపోతాయి, పోనివ్వండి. నీటి వేడి 68 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే గాలం వేయకండి, అప్పుడు పట్టి వదిలినా ట్రౌట్ కోలుకోవడం కష్టం. ఇంకో మాట, ఇదే వాగులో ఫిషర్‌మన్స్ ప్యారడైజ్ అనే భాగం ఉంది. అక్కడ ఫ్లై ఫిషింగ్‌కే, అంటే ఈకలతో పురుగులా కట్టిన తేలికపాటి గాలంతో పట్టడానికే అనుమతి, స్పిన్నర్ తీసుకెళ్లవద్దు.

వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను.

"ఎర ఏంటమ్మా?"

"ఎర లేదు నాన్నా, రేకే."

కెమెరా ముందు పెట్టి ఊదాను. ఆయన కాసేపు చూసి, "దీన్ని మన కాలువలో వేస్తే కొరమేను వదలదు" అన్నారు.

నేను కొన్నప్పుడు ఒక్కోటి ఐదు డాలర్ల లోపే. పెద్దాయన ఇచ్చినది ఇంకా ఉంది. రేకు అంచున బంగారు పూత పోయి ఇత్తడి తేలింది, అయినా మొదటి రోజులాగే తిరుగుతోంది. వచ్చే వేసవికి నాన్న వస్తున్నారు. ఆయన కోసం ఒకే కొక్కెం ఉన్నది ఒకటి కొని పక్కన పెట్టాను. వచ్చాక ఆయనకి ఏడు రోజుల టూరిస్ట్ లైసెన్సూ, ట్రౌట్ పర్మిట్టూ తీసుకోవాలి.