హన్మకొండలో కట్టించిన పీవీ పటం: ప్రింటు భేష్, వెనకాల పని అంతంతే

పీవీ నరసింహారావు పటం, 18×24 అంగుళాలు, మ్యాట్ కాగితం, టేకు ఫ్రేము. కళ్లజోడు అంచు, పెదవుల బిగువు స్పష్టంగా వచ్చాయి. ఈ సైజుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 5400×7200 పిక్సెళ్ల ఫైలు ఇవ్వాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఇస్తే మొహం మైనపు బొమ్మే. నలుపు తెలుపు ఫొటోకు రంగులద్దుతామంటారు, వద్దనండి. కండువా తెలుపు నీలం తిరుగుతుంది.

అసలు లోపం: ప్రింటును నేరుగా గాజుకు ఆనించేశారు. వానకాలం తేమకు కాగితం గాజుకు అతుక్కుని మచ్చలు తేలుతుంది, ఊడదీస్తే సిరా లేచొస్తుంది. మధ్యలో మౌంటు అట్ట (ఫొటో కనబడేలా నడుమ కిటికీలా కోసిన మందపాటి అట్ట) వేయించండి, నాలుగు వైపులా 2 అంగుళాలు కనబడేలా. ఫ్రేము సైజు ఆ మేరకు పెరుగుతుంది, గోడ ముందే కొలవాలి.

పేరుపలక చెక్కే ముందు చదివి చూడండి. పుట్టింది లక్నేపల్లిలో, 28 జూన్ 1921న. వంగర పెరిగిన ఊరు. భారతరత్న 2024లో, మరణానంతరం.

గోడకు బిగించేటప్పుడు 6 మి.మీ. డ్రిల్లు బిట్టు, స్క్రూలు పట్టే ప్లగ్గులు రెండు. ఒక్క మేకు మీద వేలాడదీస్తే తలుపు కొట్టినప్పుడల్లా పటం వంకరపోతుంది. పడమటి ఎండ పడే గోడ పనికిరాదు. తడి బంతిదండ ఫ్రేముకు చుట్టొద్దు, నీళ్లు గాజు కిందికి దిగుతాయి.