అమ్మానాన్నలతో అలాస్కా ఓడ ప్రయాణం: ఏడు రాత్రుల తర్వాత మా అంచనా

గత జూన్‌లో మా కుటుంబం ఆరుగురం సియాటిల్ నుంచి అలాస్కాకు ఏడు రాత్రుల ఓడ ప్రయాణం చేసి వచ్చాం. ఆరుగురంటే నేను, మా వారు, పదకొండేళ్ల అమ్మాయి, ఐదేళ్ల అబ్బాయి, వేసవికి ధవళేశ్వరం నుంచి మా దగ్గరికి వచ్చిన అమ్మా నాన్నగారూ. నాన్నగారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మకు పాపికొండల లాంచీ ఎక్కినా కడుపులో తిప్పుతుంది. అందరం శాకాహారులమే. ఇలాంటి కుటుంబానికి ఈ ప్రయాణం సరిపడుతుందా అని అడిగేవారి కోసమే ఈ సమీక్ష రాస్తున్నాను.

ఓడ పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఈ దారిలో తిరిగే పెద్ద ఓడలు మూడు, నాలుగు వేల మందిని ఎక్కించుకునేవి. ఈతకొలను, నాటకశాల, బఫే, కాసినో, పిల్లల క్లబ్బు దాదాపు అన్నింటిలోనూ ఉంటాయి. టికెట్టు కొనేముందు మేము ఏ ఓడలో జారుడు బల్లలు ఎక్కువ, ఏ ఓడలో హోటళ్లు ఎక్కువ అని రెండు వారాలు లెక్కలు వేశాం. తిరిగి వచ్చాక చూసుకుంటే ఆ లెక్కలన్నీ వృథా అనిపించింది. మా డబ్బుకు తగిన ఫలితం ఓడ వెళ్లిన దారిలో దొరికింది, అందులోనూ ముఖ్యంగా ఒక్క రోజులో దొరికింది. ఆ రోజు సంగతి చెప్పేముందు వీసా సంగతి చెప్పాలి.

అమెరికాలో ఎక్కి అమెరికాలోనే దిగే ప్రయాణానికి కెనడా వీసా ఎందుకని మేము కూడా మొదట అనుకున్నాం. విదేశాల్లో నమోదైన ఓడలు కేవలం అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను తిప్పడానికి 1886 నాటి ఒక అమెరికా చట్టం ఒప్పుకోదు. ఈ పెద్ద ఓడల్లో చాలావరకు బహామాస్, పనామా, బెర్ముడా వంటి చోట్ల నమోదైనవి కనుక, మధ్యలో ఏదో ఒక విదేశీ రేవును అవి తాకి తీరాలి. సియాటిల్ నుంచి బయలుదేరిన మా ఓడ చివరి రాత్రి కెనడాలోని విక్టోరియాలో నాలుగు గంటలు ఆగింది అందుకే. ఆ నాలుగు గంటల కోసం, ఓడ దిగినా దిగకపోయినా, భారతదేశ పాస్‌పోర్టు మీద వచ్చిన తల్లిదండ్రులకు కెనడా వీసా ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నవారికీ అంతే. గ్రీన్ కార్డు ఉన్నవారికి వీసా అక్కరలేదు గాని, కార్డుతో పాటు గడువు తీరని పాస్‌పోర్టు వెంట ఉండాలి. అమ్మా నాన్నగారూ ఇండియాలో ఉండగానే, ఫిబ్రవరిలో హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలు ఇచ్చి ఆ పని ముగించుకున్నారు. సియాటిల్ రేవులో మా ముందు వరుసలో ఉన్న ఒక పెద్దాయనను ఈ వీసా లేదనే పక్కకు పిలిచి నిలబెట్టారు. ఆయన తెలుగులో ఎవరికో ఫోన్ చేసి చెబుతుంటే వింటున్న మాకు చెమటలు పట్టాయి. ఆ కుటుంబం ఆ తర్వాత ఓడలో ఎక్కడా కనిపించలేదు.

మాకు ఎదురైన చిక్కు చాలా చిన్నది. సామాన్లు తనిఖీ చేసేటప్పుడు అమ్మ పెట్టెలో చీరల మధ్య దాచిన చిన్న రైస్ కుక్కర్ పట్టుబడింది. వేడిచేసే పరికరాలు ఏవీ, అంటే కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె వంటివి, క్యాబిన్‌లోకి రానివ్వరు. అగ్ని ప్రమాదమంటే ఓడవాళ్లకు ఉన్న భయం అర్థం చేసుకోదగినదే. కుక్కర్ తీసుకుని చీటీ రాసి ఇచ్చారు. దీపం, కర్పూరం, అగరుబత్తి కూడా వెలిగించకూడదు కనుక, నిత్యం దీపం పెట్టే పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పి ఉంచడం మంచిది. అమ్మ ఆ వారమంతా బ్యాటరీతో వెలిగే దీపంతో సరిపెట్టుకుంది, కాని మనసులో ఆ లోటు ఉండనే ఉంది.

ఓడ కదలకముందు జరిగే భద్రతా శిక్షణను చాలామంది తప్పదన్నట్టు నిలబడి ముగించారు. నాన్నగారు మాత్రం లైఫ్ జాకెట్ పట్టీలు ఎలా బిగించాలో రెండుసార్లు అడిగి తెలుసుకుని, పిల్లలిద్దరి చేతా చేయించారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల లాంచీ మునిగిన నాటి నుంచి మా వైపు వాళ్లకు లైఫ్ జాకెట్ అనేది ఫొటో దిగి తీసేసే వస్తువు కాదు.

రెండో రోజంతా సముద్రంలోనే. ఈ దారిలో ఎవరూ ముందుగా చెప్పని విషయం ఇక్కడ ఉంది. కెనడాలోని వాంకూవర్ నగరం నుంచి బయలుదేరే ఓడలు దీవుల చాటున ప్రశాంతమైన నీటిలో వెళతాయి. సియాటిల్ నుంచి వెళ్లేవి సాధారణంగా వాంకూవర్ దీవికి పడమటి వైపుగా, బహిరంగ పసిఫిక్ మహాసముద్రంలో వెళతాయి. ఆ రోజు మధ్యాహ్నం నుంచి అమ్మ మంచం దిగలేదు. ముందు రాత్రే మాత్ర వేసుకుని ఉంటే బాగుండేది. తిప్పడం మొదలయ్యాక వేసుకున్నది పెద్దగా పనిచేయలేదు. క్యాబిన్ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊపు తక్కువగా ఉంటుంది. మేము దృశ్యం బాగుంటుందని పై అంతస్తులో, ముందు వైపున తీసుకున్నాం, అనుభవించాం. పెద్దవాళ్లకు బాల్కనీ ఉన్న క్యాబిన్ తీసుకున్నది మాత్రం సరైన నిర్ణయమే. తెల్లవారుజామునే లేచే అలవాటున్న నాన్నగారు అందరినీ నిద్ర లేపకుండా అక్కడే కూర్చుని కాఫీ తాగేవారు.

భోజనం విషయానికి వస్తే, మేము భయపడినంత కష్టం కలగలేదు. టికెట్టు తీసుకున్నప్పుడే శాకాహారమని రాయించుకోవాలి. అయినా అసలు పని మొదటి రాత్రి భోజనశాలలోని పెద్ద వెయిటరుతో మాట్లాడితేనే జరుగుతుంది. మా బల్లకు వచ్చినాయన గోవా మనిషి. మర్నాటి రాత్రికి ఏం కావాలో ముందు రోజే చెబితే పప్పు, ఒక కూర, చపాతీలు, అన్నం చేయించి పెట్టేవాడు. ఆ పప్పు ఉత్తరాది పద్ధతిది, చింతపండు జోలికి పోలేదు. అయినా వేడిగా, శ్రద్ధగా చేసి తెచ్చేవాళ్లు. బఫేలో మాత్రం చాలా లోపాలు కనిపించాయి. శాకాహారమని పెట్టిన గరిటె పక్క పాత్రలోకి వెళ్లడం రెండుసార్లు చూశాం. తియ్యదనం లేని పెరుగు ఉదయం ఫలహారంలోనే ఉంటుంది, అన్నం మధ్యాహ్నం వస్తుంది. కనుక పెరుగన్నం కావాలంటే ఉదయమే రెండు గిన్నెల పెరుగు తీసి గదిలోని చిన్న ఫ్రిజ్‌లో దాచుకోవలసి వచ్చింది. ఇంట్లో వండినవి తేవద్దంటారు గాని, దుకాణంలో కొన్న, సీలు తీయని సీసాలకూ పొట్లాలకూ మాకు అభ్యంతరం చెప్పలేదు. గోంగూర పచ్చడి సీసా ఒకటి, కందిపొడి పొట్లం ఒకటి మా వారాన్ని నిలబెట్టాయి.

మూడో రోజు జూనో. అలాస్కా రాజధాని అయినా బయటి ఊళ్ల నుంచి అక్కడికి రోడ్డు లేదు. ఓడలోనో విమానంలోనో రావాలి. మెండెన్‌హాల్ హిమానీనదానికి బస్సులో వెళ్లి, 377 అడుగుల ఎత్తు నుంచి దూకే నగెట్ జలపాతం దాకా పిల్లలతో నడిచాం. తిమింగలాలను చూపించే పడవ విహారానికి ఒక్కొక్కరికి 150 డాలర్లకు పైనే అయింది. చలికాలం హవాయి వైపు గడిపి, వేసవిలో మేతకు ఇక్కడికి వచ్చే హంప్‌బ్యాక్ తిమింగలాలు రెండు, తోకలు ఎత్తి మునగడం చూశాం. బాగానే ఉంది, కాని ఆరుగురికి ఆ ధర ఎక్కువే. నాలుగో రోజు స్కాగ్‌వేలో 1898–1900 మధ్య బంగారం వేట రోజుల్లో కట్టిన వైట్ పాస్ రైలు ఎక్కాం. మూడడుగుల వెడల్పు పట్టాల మీద సుమారు 20 మైళ్లలో 2,800 అడుగులకు పైగా ఎక్కుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు దీనికంటే సుఖమైన విహారం ఈ దారిలో లేదు. కూర్చున్న చోటి నుంచి కదలకుండా లోయలన్నీ చూడవచ్చు.

ఐదో రోజు గ్లేసియర్ బే అనే అఖాతం. మొదట్లో చెప్పిన ఆ ఒక్క రోజు ఇదే. ఇక్కడ ఓడ ఏ రేవులోనూ ఆగదు, ఎవరూ దిగరు. ప్రయాణ పట్టికలో దీన్ని చూసి, రోజంతా ఓడలోనే ఉండాలా అని మా అమ్మాయి ముఖం ముడుచుకుంది. ఈ జాతీయ ఉద్యానవనంలోకి పెద్ద ఓడలను రోజుకు రెండింటికి మించి రానివ్వరు, అందుకు అనుమతి ఉన్న సంస్థలు కొన్నే. కనుక టికెట్టు కొనేటప్పుడు ఈ పేరు పట్టికలో ఉందో లేదో చూసుకోండి. వేరే హిమానీనదాల దగ్గరికి తీసుకెళ్లే ప్రయాణాలు కూడా ఉన్నాయి, వాటి గురించి నేను చెప్పలేను.

ఉదయం చిన్న పడవలో వచ్చి పార్కు రేంజర్లు మా ఓడ ఎక్కారు. ఆ రోజంతా వాళ్లే మైకులో వివరించారు. 1794లో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ నడిపిన బ్రిటిష్ నౌకా బృందం ఇటుగా వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు మొత్తం మంచుగడ్డేనట, లోపలికి నాలుగైదు మైళ్ల నొక్కు మాత్రం ఉండేదట. 1879లో ప్రకృతి పరిశోధకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ మంచు 40 మైళ్లకు పైగా వెనక్కి పోయింది. ఇప్పుడు కొస దాకా వెళ్లాలంటే సుమారు 65 మైళ్లు. అంటే మేము ఉదయం నుంచి ప్రయాణం చేస్తున్న నీళ్లన్నీ రెండున్నర శతాబ్దాల కిందట మంచు. ఈ మాట విన్నాక నాన్నగారు బాల్కనీ వదిలి పై డెక్కు మీదికి వచ్చి, మంకీ క్యాప్ పెట్టుకుని మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడ్డారు.

లోపలికి వెళ్లేకొద్దీ నీటి రంగు మారింది. నీలం పోయి, పాలు కలిపినట్టు లేత పచ్చగా అయింది. అడిగితే, హిమానీనదం కదిలేటప్పుడు కింది రాతిని పిండిలా రుబ్బుతుందని, ఆ పిండి నీటిలో తేలడం వల్లే ఈ రంగు అని రేంజరు చెప్పింది. నాన్నగారు నా వైపు తిరిగి, "ఒండ్రేనమ్మా ఇది. మనకు ఆషాఢంలో ఎర్రనీరు వచ్చినట్టు వీళ్లకు పచ్చనీరు" అన్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గోదావరి నీటి రంగు చూసి ఎగువన ఎక్కడ వాన పడిందో అంచనా వేసిన మనిషి, ఆ ఒక్క రోజులో రేంజరును ఇంకో పది ప్రశ్నలు అడిగారు. అనువాదం చేయలేక నేనే అలసిపోయాను.

మార్జరీ హిమానీనదం ఎదుట ఓడ దాదాపు గంటసేపు ఆగింది. ఒక మైలు వెడల్పున్న మంచు గోడ, పగుళ్లలో ముదురు నీలం. అక్కడక్కడ తుపాకీ పేలినట్టు చప్పుడు వినిపించేది, అటు తిరిగేసరికి అప్పటికే మంచుముక్క నీటిలో పడి ఉండేది. ఓడను మెల్లగా చుట్టూ తిప్పుతారు కనుక ఏ పక్క క్యాబిన్ తీసుకున్నా అందరికీ కనిపిస్తుంది. వేలమంది ఉన్న డెక్కు మీద ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అప్పటిదాకా పిల్లల క్లబ్బు వదలనన్న అమ్మాయి కూడా వచ్చి తాతయ్య పక్కన నిలబడింది. అబ్బాయి రేంజర్లు ఇచ్చిన పిల్లల పుస్తకంలో బొమ్మలన్నీ గుర్తించి, బ్యాడ్జి సంపాదించి, వారమంతా పెట్టుకు తిరిగాడు.

ఏడాదికి 140 అంగుళాలకు పైగా వాన పడే కెచికాన్‌లో ఆరో రోజు తడవడం తప్ప పెద్దగా చేసింది లేదు. గొడుగులు గాలికి నిలవవు. టోపీ ఉన్న వానకోట్లు తీసుకెళ్లండి.

ఓడ వినోదాల గురించి క్లుప్తంగా చెబుతాను. పిల్లల క్లబ్బు టికెట్టులోనే కలిసి ఉంటుంది, కాని వయసును బట్టి విడగొడతారు. అక్క వేరే గదిలో ఉందని మా వాడు రెండు రోజులు ఏడ్చాడు. రాత్రి నాటకాలు పర్వాలేదు. ఫొటోలు తీసి అమ్మేవాళ్లు భోజనం దగ్గర కూడా వదలరు, అది చిరాకు కలిగించింది.

ఖర్చు విషయంలో టికెట్టు ధర సగం కథే. సిబ్బంది టిప్పుల కింద మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా ఇలాంటి ఓడలు వేస్తాయి, పిల్లలకు కూడా. మా ఆరుగురికి అదే 700 డాలర్లు దాటింది. ఇంటర్నెట్ వేరు, రేవుల్లో విహారాలు వేరు. తల్లిదండ్రులకు తీసుకున్న సందర్శకుల బీమా ఓడలోని వైద్యానికి వర్తిస్తుందో లేదో ముందే అడగండి. మళ్లీ వెళితే వాంకూవర్ నుంచి ఎక్కుతాం, క్యాబిన్ మధ్యలో తీసుకుంటాం, తిమింగలాల విహారం మానేస్తాం. గ్లేసియర్ బే లేని పట్టిక అయితే మాత్రం ఎంత చవకైనా కొనం.

విక్టోరియాలో రాత్రి ఎనిమిదికి ఆగితే, ఇంత కష్టపడి తెచ్చుకున్న వీసాను వాడుకోకపోతే ఎలా అని అమ్మ పట్టుబట్టి దిగి, అరగంట నడిచి వచ్చింది. మర్నాడు ఉదయం సియాటిల్‌లో దిగేటప్పుడు చీటీ చూపిస్తే, తీసిపెట్టుకున్న వస్తువులున్న బల్ల దగ్గరికి పంపారు. దాని మీద నాలుగు ఇస్త్రీ పెట్టెలు, మా రైస్ కుక్కర్, దాని పక్కన అలాంటివే ఇంకో మూడు ఉన్నాయి. మనదేదో గుర్తుపట్టడానికి అమ్మ ఒక్కొక్క మూత తీసి చూడవలసి వచ్చింది.