పాయింట్లున్న పాత కారుకు ఏ ఇగ్నిషన్ కాయిల్ మేలు?

బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను ప్లగ్‌లో స్పార్క్‌కి కావలసిన వేల వోల్టులుగా పెంచేది ఇగ్నిషన్ కాయిల్. దాని కరెంటును కలుపుతూ, తెంచుతూ ఉండే చిన్న స్విచ్చే పాయింట్లు. స్పార్క్ కాస్త నీరసించగానే చాలామంది మనసు 40,000 వోల్టుల స్పోర్ట్స్ కాయిల్ మీదికి పోతుంది. కానీ ప్లగ్ గ్యాప్ దాటడానికి ఎంత కావాలో వోల్టేజి అంతవరకే పెరుగుతుంది, ఆపైన స్పార్క్ దూకేస్తుంది. అందుకే నేనైతే ముందు ప్రైమరీ రెసిస్టెన్స్, అంటే కాయిల్‌లో బ్యాటరీ కరెంటు పారే చుట్ట నిరోధం, చూడమంటాను.

మామూలు 12 వోల్టుల కాయిల్‌కి అది సుమారు 3 ఓమ్‌లు. ఇంజన్ నడిచేటప్పుడు 14 వోల్టులు అందినా కరెంటు ఐదు ఆంపియర్లకు మించదు. పాయింట్లకు ఇబ్బంది ఉండదు.

బల్లాస్ట్ కాయిల్‌కి దాదాపు 1.5 ఓమ్‌లే. మిగతాది బయట ఉన్న రెసిస్టర్‌లోనో, రెసిస్టెన్స్ వైరులోనో ఉంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ రెసిస్టర్‌ని పక్కకు తప్పించి కరెంటు నేరుగా కాయిల్‌కి వెళ్తుంది. బ్యాటరీ 9 వోల్టులకు పడిపోయినా స్పార్క్ బాగా వస్తుంది కాబట్టి, చలిలో స్టార్టింగ్‌కి ఇదే మెరుగు. అయితే చెడిపోవడానికి ఇంకో భాగం తోడైనట్టే. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజన్ అందుకుని, తాళం వదలగానే ఆగిపోతోందా? ముందు రెసిస్టర్‌నే అనుమానించండి.

అసలు తంటా ఈ రెండూ కలగాపులగమైనప్పుడే. రెసిస్టర్ లేని కారులో 1.5 ఓమ్‌ల కాయిల్ పెడితే తొమ్మిది ఆంపియర్లకు పైనే లాగుతుంది. పాయింట్లు మాడిపోతాయి, కాయిల్ కాలిపోతుంది. బల్లాస్ట్ వైరింగ్‌కి 3 ఓమ్‌లది తగిలిస్తే స్పార్క్ నీరసిస్తుంది. ఆ తప్పు పాపం కార్బ్యురేటర్ మీదకు పోతుంది!

స్పోర్ట్స్ కాయిల్ వల్ల లాభం ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టి, ప్లగ్ గ్యాప్ పెంచుకున్నప్పుడు కనిపిస్తుంది. అప్పుడు కూడా పాయింట్ల బదులు పనిచేసే మాడ్యూల్ ఎన్ని ఓమ్‌ల కాయిల్ అడుగుతోందో చూసుకోవాలి. పాయింట్లతోనే నడిపేవాళ్లకు నా సలహా ఒక్కటే, కారు వైరింగ్ ఏ కాయిల్‌కి వేశారో అదే పెట్టండి. ఆయిల్ నింపినదా, ఎపాక్సీదా అన్నది తర్వాతి మాట. ఎపాక్సీది లీకవదు, అదురును బాగా తట్టుకుంటుంది.

వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ స్టార్టవుతుంటే కాయిల్ కొనేముందు కండెన్సర్ (పాయింట్లు తెరుచుకునేటప్పుడు వాటి మధ్య నిప్పురవ్వలు రాకుండా చూసే చిన్న భాగం) మార్చి చూడండి. దానిదీ అదే లక్షణం, ఖర్చూ తక్కువ. ఇంజన్ ఆపాక ఇగ్నిషన్ ఆన్‌లో మాత్రం వదిలేయకండి. పాయింట్లు మూసుకుని ఉంటే ఏ కాయిలైనా సలసలా కాగిపోతుంది.