లోతు రిమ్ములా, తేలిక చక్రాలా: పాలమూరు రోడ్ల మీద రెండూ వాడాక

నా దగ్గర రెండు జతలున్నాయి. ఒకటి 50 మి.మీ. లోతు రిమ్ములున్న (అంటే టైరు నుంచి ఇరుసు వైపు రిమ్ము అంత ఎత్తున ఉన్న) కార్బన్ ఏరో జత, గాలిని తేలిగ్గా చీల్చేది. ఇంకోటి లోతు తక్కువ తేలిక జత. తూకంలో తేడా సుమారు 300 గ్రాములు. డిస్క్ బ్రేకుల సైకిల్, టైర్లు రెండింటికీ 28 మి.మీ. వెడల్పువే. ఎండల్లో, వానల్లో మార్చి మార్చి తొక్కాను.

చక్రం ఎంత తేలికైతే అంత వేగమని సైకిల్ తొక్కే మనోళ్ల వాదన, కాబట్టి ముందు తూకమే చూద్దాం. నేను, సైకిల్, నీళ్ల బాటిళ్లు కలిపి 85 కిలోల దాకా ఉంటాం. అందులో 300 గ్రాములంటే 0.35 శాతం. శ్రీశైలం డ్యామ్ నుంచి దోమలపెంట వైపు ఘాట్ ఎక్కడానికి అరగంట పట్టిందనుకోండి, తేలిక చక్రాలతో కలిసొచ్చేది ఆరేడు సెకన్లు. గంతే! చక్రంలో ఒక గ్రాము రెండు గ్రాములతో సమానం అంటారు గానీ, అది రిమ్ము అంచు బరువుకు, అదీ వేగం పెంచేటప్పుడే వర్తిస్తుంది. జడ్చర్లలో స్పీడ్ బ్రేకర్ దాటి మళ్లీ అందుకునేటప్పుడు తేలిక జత కాళ్లకు హాయిగా ఉంటుంది. వాచీలో మాత్రం ఆ హాయి కనబడదు.

గాలి లెక్క వేరు. వేగం గంటకు 25 కి.మీ. నుంచి 30కి పెంచితే గాలిని చీల్చడానికే 1.7 రెట్లు శక్తి కావాలి. అందులో ఎక్కువ భాగం మన ఒంటికి తగిలే గాలిదే, చక్రాలది కొంచెమే. వదులు జెర్సీ వేసుకుని ఏరో చక్రాలు కొనేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. అయినా 44వ నంబరు హైవే మీద భూత్పూర్ దాటి కొత్తకోట వైపు 30కి పైన లాగుతుంటే 50 మి.మీ. జత వేగాన్ని పట్టి ఉంచుతుంది.

చిక్కల్లా జూన్ నుంచి ఆగస్టు దాకానే. ఆ హైవే ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది, రుతుపవనాల గాలి పడమర నుంచి కొడుతుంది. అంటే రానూ పోనూ పక్కగాలే. లారీ ఓవర్‌టేక్ చేసినప్పుడు క్షణం పాటు గాలి ఆగుతుంది, లారీ ముందుకు పోగానే ఒక్కసారిగా మీద పడుతుంది. ముందు చక్రం ఆ దెబ్బ తిని హ్యాండిల్‌ను ఒక్క గుంజు గుంజుతుంది, సైకిల్ అడుగు దూరం జరుగుతుంది. వెనక చక్రం మాత్రం పట్టించుకోదు, అది హ్యాండిల్‌ను తిప్పేది కాదు కదా. జడ్చర్ల నుంచి కల్వకుర్తి రోడ్డు తూర్పుకు పోతుంది కాబట్టి అక్కడ ఈ గొడవ తక్కువ. పోయేటప్పుడు గాలి వీపున తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురుగాలిలో లోతు రిమ్ములే నయం.

అందుకే వానాకాలంలో ముందు తేలిక జతలోది, వెనక 50 మి.మీ.ది వేస్తున్నాను. చూడటానికి పొంతన ఉండదు, తొక్కడానికి బ్రహ్మాండం. ఒక్క జతే కొనేవాళ్లకు నా సలహా 35 నుంచి 40 మి.మీ. మిగిలిన డబ్బు మంచి టైర్లకు పెట్టండి.

ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. లోతు రిమ్ముకు 80 మి.మీ. వాల్వున్న ట్యూబు కావాలి. 60ది వేస్తే కొన బయటికి కాస్తంతే వస్తుంది, పంపు పట్టు దొరకదు. సర్కారు తుమ్మ ముల్లు దిగి కల్వకుర్తి దగ్గర పంక్చర్ షాపుకు పోతే, "ఇదేం వాల్వు సారూ, మా పంపు పట్టది" అన్నాడు. పొడవు సంగతి అటుంచితే, ఈ సన్న రకం వాల్వు (ప్రెస్టా అంటారు) మామూలు పంపులకు సరిపోదు. దాన్ని బైకు పంపుకు కలిపే చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది. ఇప్పుడు సీటు కింద సంచిలో రెండు ఉంటాయి.