గోధుమ బిన్‌లో టెంపరేచర్ కేబుల్: చాలా సీజన్లు వాడాక చెప్తున్నా

కొన్న కొత్తలో అడిగినోళ్ళకీ అడగనోళ్ళకీ కూడా చెప్పాను, గోధుమలు బిన్‌లో పోసుకునే ప్రతివాళ్ళూ ఈ కేబుల్ వేయించుకోవాల్సిందే అని. బిన్ అంటే గింజలు నిలవ చేసే పెద్ద రేకు డబ్బా, కేబుల్ అంటే దాని నడిమధ్య పైనుంచి కిందికి వేలాడే తీగ, దానికి వరసగా వేడి కొలిచే సెన్సార్లు ఉంటాయి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. పనికిరాని సరుకని కాదు గానీ దాని పై సెన్సార్ మీద మాత్రం నాకింకా కోపం పోలేదు.

మంచి ముందు చెప్తా. ఫ్యాన్ ఎంతసేపు వేయాలి అనే తలనొప్పి దీంతో నిజంగానే పోయింది. కింద నుంచి చల్లగాలి కొడితే ముందు అడుగున ఉన్న సెన్సార్ రీడింగ్ పడిపోతుంది, తర్వాత దాని పైదానిది, అలా చల్లదనం ఎక్కడిదాకా ఎక్కిందో ఫోన్‌లో కనిపిస్తుంది, ఇదివరకు చెయ్యి పెట్టి చూసి చల్లబడిందిలే అనుకుని సగంలో ఆపేసేవాళ్ళం. ముక్కు పురుగు, నుసి పురుగు లాంటివి 25 నుంచి 35 డిగ్రీల మధ్య విపరీతంగా పెరుగుతాయి, 15 దగ్గరికి దించగలిగితే దాదాపు పెరగడం ఆగిపోతుంది. అక్కడిదాకా దించడంలో కేబుల్ బాగా పనికొచ్చింది, కాదనను.

ఇక అసలు సంగతి. ఒక చలికాలం గ్రాఫ్ అంతా నీట్‌గా ఉంది, అలారం లేదు, ఏమీ లేదు. పోసినప్పుడు తేమ కూడా మీటర్‌లో 12 శాతం లోపే. ఊరికే పైన మూత తీసి చూద్దామని ఎక్కితే గుప్పున ముక్కిపోయిన వాసన. ఇనుప చువ్వ గుచ్చితే జానెడు దిగి ఆగిపోయింది. అట్టు కట్టినట్టు గట్టిగా ఉంది పైపొర, పెళ్ళగిస్తే గింజలు ఒకదానికొకటి అంటుకుని, మధ్యలో పచ్చటి బూజు, అక్కడక్కడా మొలకలు కూడా. (అలాంటి పొర మీద మాత్రం కాలు పెట్టకండి, కింద నుంచి సరుకు తీసి ఉంటే లోపల ఖాళీ ఉంటుంది, కూలితే మనిషి గింజల్లోకి పోతాడు.)

ఎండిన గింజకి తడి ఎక్కడిదంటే, చలికి గోడల పక్క గింజ చల్లబడుతుంది, నడిమి గింజ మాత్రం వెచ్చగానే ఉంటుంది. ఆ నడిమి నుంచి వెచ్చటి గాలి తేమ మోసుకుంటూ పైకి లేచి, చల్లటి పైపొరకి తగిలి అక్కడే తేమ వదిలేస్తుంది. అంటే చెడేది ముందు పైన, మధ్యలో. సరిగ్గా అక్కడే కదా కేబుల్ ఉంది! కానీ గింజ సర్దుకుని, కొంత సరుకు తీశాక మట్టం దిగింది, దాంతో పై సెన్సార్ గింజలోంచి బయటపడి గాల్లో వేలాడుతోంది. అది చూపించేది రేకు కింద గాలి వేడి. దాని కింద సెన్సార్ ఎక్కడో లోతులో ఉంది, గోధుమ గుట్టలో వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది కాబట్టి రెండు మూడు అడుగుల అవతల గింజ ఉడుకుతున్నా దానికి తెలీదు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "సెన్సార్ బాగానే పనిచేస్తోంది కదండీ" అన్నాడు. నిజమే మరి, గాలిని బాగానే కొలుస్తోంది!

తర్వాత పాత గ్రాఫ్ తీసి చూస్తే పై గీత పగలు ఎక్కుతూ రాత్రి దిగుతూ ఉంది. గింజలో కూరుకున్న సెన్సార్ ఒక్క రోజులో అలా ఎక్కి దిగదు, కాబట్టి మీ గ్రాఫ్‌లో ఏ గీతైనా అలా ఊగుతుంటే అది గింజలో లేదని అర్థం. ఈ ఒక్క ముక్క బాక్స్ మీద రాసి ఉంటే నాకు అంత సరుకు పాడయ్యేది కాదు. చెడిన పొర ఎత్తి వేరే పోసి, మిగతాదానికి ఫ్యాన్ పెట్టి గట్టెక్కించాం, వాసన మాత్రం తొందరగా వదల్లేదు.

ఇప్పుడు పోయగానే మధ్యలో లేచిన కుప్పని కొంచెం లాగేసి పైభాగం చదును చేస్తున్నాం, దుమ్మూ నూకా ఎక్కువ చేరేది అక్కడే, గాలి సరిగ్గా ఆడదు. వారం వారం ఎక్కి వాసన చూసి చువ్వ గుచ్చడం కూడా మానలేదు.

మళ్ళీ కొంటావా అంటే, కొంటా, నాది చిన్న బిన్, ఇంటి పక్కనే ఉంది, ఎక్కి చూసే ఓపికుంది కాబట్టి. బిన్ దూరంగా ఉండి ఫోన్‌లో చూసుకుంటే చాలు అనుకునేవాళ్ళకి ఒక్క కేబుల్‌తో సరిపెట్టుకోమని చెప్పలేను. పెద్ద బిన్ అయితే గోడల వైపు కూడా వేయించుకోవాలి, ఆ ఖర్చు గిట్టుబాటు అవుతుందో లేదో మీ సరుకుని బట్టి మీరే చూసుకోండి.