ఢిల్లీ టూర్ ప్యాకేజీలో మ్యూజియం ఉందని డబ్బు కట్టేవారికి హెచ్చరిక

సంక్రాంతి సెలవులకు విజయవాడ, గుంటూరుల నుంచి ఢిల్లీ, ఆగ్రా ప్యాకేజీలకు డబ్బు కట్టబోతున్నవారు, ట్రావెల్స్ వారు ఇచ్చే కాగితంలో ‘రెండవ రోజు’, ‘మూడవ రోజు’ అని మాత్రమే ఉంటే, ఒక్కో రోజు పక్కన తేదీ, వారం రాయించుకున్న తరువాతే అడ్వాన్సు ఇవ్వవలసిందిగా మనవి. విజయవాడలోని ఒక ట్రావెల్స్ వారు ఈ జనవరిలో మమ్మల్ని ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కు సోమవారం నాడు తీసుకువెళ్లారు. ఆ మ్యూజియానికి ప్రతి సోమవారం సెలవు.

ఇండియా గేటు దగ్గర ఆ మ్యూజియం ఉన్న జైపూర్ హౌస్ ముందు బస్సు ఆగేసరికి గేటు వేసి ఉంది. లోపలినుంచి కాపలాదారు చేత్తోనే లేదన్నట్టు సైగ చేశాడు. గుంటూరులో డ్రాయింగ్ టీచరుగా పనిచేసిన మా అక్క ఈ ప్రయాణానికి ఒప్పుకున్నదే అమృతా షేర్‌గిల్ చిత్రాల కోసం. 1941లో చిన్న వయసులోనే కన్నుమూసిన ఆ చిత్రకారిణి అసలు చిత్రాలు అత్యధికంగా ఉన్నది ఇక్కడే. పుస్తకాల్లోని అచ్చుబొమ్మలు చూపించి ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, ఆ రంగులను ఒక్కసారి కళ్లారా చూడాలనుకోవడం పెద్ద కోరికేమీ కాదు.

అడిగితే, పొగమంచు వల్ల రైలు ఆలస్యమై కార్యక్రమం తారుమారైందని టూర్ మేనేజరు చెప్పారు. డిసెంబరు చివర, జనవరిలో ఉత్తరాదిన మంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యం కావడం ఏటా జరిగేదే కనుక, టూర్లు నడిపేవారికి అది తెలియని సంగతి కాదు. పైగా రైలు వేళకే చేరి ఉన్నా, వారు మ్యూజియానికి కేటాయించిన రెండవ రోజు సోమవారమే అయ్యేది. కాబట్టి తప్పు మంచుది కాదు. మ్యూజియానికి బదులుగా మమ్మల్ని ఒక శాలువాల దుకాణంలో చాలాసేపు కూర్చోబెట్టారు.

భారతీయులకు అక్కడ ప్రవేశ రుసుము 20 రూపాయలు. ‘ప్రవేశ రుసుములు, గైడు’ పేరిట మా దగ్గర వసూలు చేసింది అంతకు ఎన్నో రెట్లు. తిరిగి ఇమ్మంటే, రసీదు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ‘స్థానిక పరిస్థితులను బట్టి మార్పులుండవచ్చు’ అన్న వాక్యాన్ని చూపించారు. వారపు సెలవు స్థానిక పరిస్థితి ఎలా అవుతుందో వారే చెప్పాలి.

ఢిల్లీలోని నేషనల్ మ్యూజియానికీ సోమవారమే సెలవు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం. చూపించని చోటుకు ఎంత తిరిగి ఇస్తారో కూడా ముందే రాయించుకోండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనైతే, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటనంతవరకు కేసు వేయడానికి రుసుము ఉండదు. అందుకే రసీదు, వాట్సాప్ సందేశాలు, మూసిన గేటు ఫోటో ఏవీ చెరిపివేయకండి.