గయా ఆర్కైవ్: జంట నక్షత్రాలు దొరుకుతాయి, ఊగిసలాట మాత్రం చూపించరు

టెలిస్కోప్ లేకుండా, ల్యాప్‌టాప్ ఒక్కటే పెట్టుకుని జంట నక్షత్రాల (ఒకదాని చుట్టూ ఒకటి తిరిగేవి) వెంట పడాలనుకునేవాళ్ళకి, గయా టెలిస్కోప్ కొలతలు ఆన్‌లైన్లో దొరికే గయా ఆర్కైవ్‌ని మించింది నాకు కనబడలేదు. ఫీజు లేదు, లాగిన్ కూడా తప్పనిసరి కాదు. అయినా 5కి 4 మాత్రమే ఇస్తున్నా, ఎందుకో కింద చెప్తా.

గయా అంటే యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ 2013 డిసెంబర్‌లో పంపిన అంతరిక్ష టెలిస్కోప్. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి 2025 జనవరి దాకా అవే నక్షత్రాల స్థానాలు మళ్ళీ మళ్ళీ కొలిచింది. ఒంటరి నక్షత్రమైతే ఆకాశంలో తిన్నగా జరుగుతుంది, మనం సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాం కాబట్టి దాని మీద ఏడాదికో చిన్న చుట్టు, అదే పారలాక్స్, కలుస్తుంది. పక్కన ఇంకోటి ఉంటే ఆ దారి ఇంకాస్త వంకర పోతుంది, ఊగిసలాట అంటే ఇదే, రెండోది అసలు కనబడకపోయినా సరే. 1844లో ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ సిరియస్ దారిలో ఈ వంకర చూసే పక్కన ఏదో ఉందన్నాడు, 1862లో ఆల్వన్ గ్రాహం క్లార్క్ కొత్త లెన్సు పరీక్షిస్తుంటే అది నిజంగానే కనబడింది. తమాషా ఏంటంటే గయాకి సిరియస్ వెలుగు మరీ ఎక్కువ, ఆ పాత కథని ఇక్కడ సరిచూసుకుందామంటే కుదరదు.

2022 జూన్‌లో వచ్చిన డీఆర్3లో (గయా మూడో డేటా విడుదల) జంటలకు విడిగా టేబుళ్ళు పెట్టారు. అన్ని పద్ధతులూ కలిపి 8 లక్షలకు పైగా ఉన్నాయి, అందులో ఊగిసలాటతో కక్ష్య తేలినవే లక్షన్నర దాటాయి. వెతకడానికి ఏడీక్యూఎల్ (ఖగోళ డేటాని అడిగే భాష) వాడాలి, దాని మూలమైన డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్ళకి ఒక పూట పని. మొదటగా గయా బీహెచ్1 వరుస తెరిచి చూడండి. సూర్యుడి లాంటి మామూలు నక్షత్రం, 1560 కాంతి సంవత్సరాల దూరం, 186 రోజులకోసారి దేని చుట్టూనో తిరుగుతోంది. ఆ ఊగిసలాట 3 మిల్లీ ఆర్క్‌సెకండ్ల (ఒక్కోటి డిగ్రీలో 36 లక్షల వంతు) లోపే, అంటే హైదరాబాద్‌లో నిలబడి చెన్నైలో ఉన్న బియ్యపు గింజ పొడవు కొలిచినట్టు! ఈ టేబుల్లో పట్టుకుని, వేరే టెలిస్కోపులతో వేగాలు కొలిచి, అది దాదాపు 10 సూర్యుళ్ళ బరువున్న కృష్ణబిలమని 2022లో కరీం ఎల్-బాద్రీ బృందం తేల్చింది. వాళ్ళు మొదలుపెట్టిన వరుసే మనకీ ఉచితంగా కనబడుతుంది, నాకు ఈ సర్వీసులో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇక చికాకులు. కక్ష్య వంపు, దిశ నేరుగా ఇవ్వరు, థీలే–ఇన్నెస్ స్థిరాంకాలని నాలుగు అంకెలు ఇచ్చి మిగతాది మనల్నే లెక్క కట్టుకోమంటారు. నిపుణులకి ఓకే, కొత్తవాళ్ళు అక్కడే టేబుల్ మూసేస్తారు. పైథాన్‌లో ఆస్ట్రోక్వెరీ అనే లైబ్రరీ నుంచి క్వెరీని సింక్రొనస్‌గా (జవాబు వచ్చేదాకా ఆగేలా) పంపితే 2000 వరుసల దగ్గర ఆగిపోతుంది, అంతే ఉన్నాయేమో అనుకుని మోసపోకండి, అసింక్రొనస్ జాబ్ (సర్వర్ వెనక నడిపి, అయ్యాక ఫలితం ఇచ్చేది) పెట్టండి. ఆర్‌యూడబ్ల్యూఈ అనే కాలమ్ 1.4 దాటితే చాలు జంటే అని ఆన్‌లైన్లో చాలామంది రాసేస్తుంటారు, ఒంటరి నక్షత్రం అనే లెక్క ఇక్కడ సరిగ్గా కుదరలేదని మాత్రమే దానర్థం. నక్షత్రాలు కిక్కిరిసిన చోట కూడా అది పెరుగుతుంది.

టేబుల్లో ఉందంటే నిజమే అని కూడా కాదు. డబ్ల్యూడీ 0141-675 అనే వైట్ డ్వార్ఫ్ (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) చుట్టూ గ్రహం ఉండొచ్చని డీఆర్3లో ఆర్భాటంగా వచ్చింది, 2023లో గయా బృందమే అది సాఫ్ట్‌వేర్ తప్పు వల్ల వచ్చిందని చెప్పి వెనక్కి తీసుకుంది. దాచకుండా చెప్పారు, అది మెచ్చుకోవాలి.

ఒక మార్కు తగ్గించింది మాత్రం వీటికి కాదు. ఏ రోజు ఆ నక్షత్రం ఎక్కడ కనబడిందో ఆ విడి కొలతలు డీఆర్3లో ఇవ్వలేదు. అంతా వాళ్ళే లెక్కగట్టి చివరి కక్ష్య మన చేతిలో పెడతారు. పీరియడ్ (ఒక చుట్టుకి పట్టే కాలం) ఏడాదికి దగ్గరగా ఉంటే అది నిజంగా జంట వల్లా, పారలాక్స్‌తో కలగాపులగం అయిందా అని అనుమానం వస్తే తిరిగి సరిచూసే దారి లేదు. పైగా ఇందులో వాడింది 34 నెలల కొలతలే, పదేళ్ళకోసారి తిరిగే జంటలకి అవేం సరిపోతాయి? 33 సూర్యుళ్ళ బరువున్న గయా బీహెచ్3 పీరియడ్ 11 ఏళ్ళ పైమాటే, అందుకే అది తర్వాతి విడుదలైన డీఆర్4 కోసం సిద్ధం చేస్తున్న డేటాలో 2024లో బయటపడింది.

డీఆర్4లో 66 నెలల డేటా, విడి కొలతలతో సహా ఇస్తామన్నారు, 2026 డిసెంబర్ అని తేదీ కూడా ప్రకటించారు. కక్ష్యలు సొంతంగా గీయాలనుకునేవాళ్ళు దానికోసం ఆగొచ్చు. ఏడీక్యూఎల్ నేర్చుకోవడానికి, వింత జంటల జాబితా తయారు చేసుకోవడానికి అయితే ఆగక్కర్లేదు, డీఆర్3 చాలు.